కంచె మొక్క విషమా? జెముడు నుంచి కోనోకార్పస్ దాకా, కాజీపల్లి గోడ పక్క కథ

మన చరిత్ర ముచ్చట్లలో ఈసారి రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక మొక్క ఉంది. నిజం చెప్పాలంటే ఒక వరుస మొక్కలు. మన ఇంటి గేటు పక్కన, బడి ప్రహరీ వెంట, హైవే మధ్యలో, ఫ్యాక్టరీ గోడ పొడుగునా పచ్చగా కత్తిరించి పెట్టే కంచె మొక్కలు. ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "ఈ మొక్కలు పక్కనుంటే మనకు హాని చేస్తాయా? పిల్లలకు దమ్ము వస్తుందా? కొట్టేయాలా, ఉంచాలా?"

ఈ ప్రశ్నను కాజీపల్లి నుంచి చూద్దాం. కాజీపల్లి అంటే హైదరాబాద్‌కు వాయవ్యంగా, ఒకప్పటి మెదక్ జిల్లా జిన్నారం మండలంలోని ఊరు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక సంగారెడ్డిలోకి వచ్చింది. ఒక పక్క రిజర్వు అడవి, ఒక పక్క చెరువు, మధ్యలో మందుల ఫ్యాక్టరీలు. కంచె అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో అన్నీ అక్కడ కనబడతాయి.

ముందు అసలు కంచె ఎందుకు పుట్టిందో చూడండి. రైతుకు కంచె అందం కోసం కాదు. చేనులోకి మేకలు, గొర్లు, బర్రెలు రాకూడదు. ఇనుప తీగ లేని కాలంలో దీనికి రెండే దారులు. ఒకటి, ముళ్లున్న మొక్క. రెండు, జీవాలు నోరు పెట్టని మొక్క. జీవాలు ఎందుకు నోరు పెట్టవు? ఆకు చేదు అయినా కావాలి, పాలు మండేవైనా కావాలి, తింటే కడుపులో చిచ్చయినా కావాలి. అంటే ఆలోచించండి: మంచి కంచె మొక్క అని మన పెద్దలు ఎంచుకున్న వాటిలో సగం విషపు మొక్కలే. విషం ఆ మొక్క చేసిన తప్పు కాదు, ఆ ఉద్యోగానికి దానికున్న అర్హతే అది.

పొలం గెట్ల మీద జెముడు ఉండేది గదా. కాడజెముడు, బొమ్మజెముడు. విరిస్తే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి తగిలితే పొక్కుతుంది, కంట్లో పడితే మంట పుట్టి చూపుకే ముప్పు రావచ్చు. అడవి ఆముదం, నేపాళం అని కూడా అంటాం, అదీ కంచె మొక్కే. మేక ముట్టదు. కానీ దాని గింజ పిల్లలకు పల్లీలాగా కమ్మగా ఉంటుంది. తిన్న కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు. మన దేశంలో బడి పిల్లలు గుంపుగా ఆసుపత్రి పాలైన సంఘటనల్లో ఈ గింజ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక గన్నేరు. మన పూజలో పువ్వు, మన భాషలో విషం, రెండూ అదే. సంస్కృతంలో దానికి కరవీరం అని పేరు. అమరకోశంలో దానికి ఇంకో పేరు కూడా ఉంది, హయమారకం. హయం అంటే గుర్రం. గుర్రాన్ని చంపేది అని. అంటే వెయ్యేళ్లకు ముందే ఈ మొక్క సంగతి పెద్దలకు తెలుసు. తెలిసి కూడా ఇంటి ముందు పెంచారు, శివుడికి పెట్టారు. ఎందుకంటే దాన్ని ఎలా వాడాలో, ఎలా వాడకూడదో కూడా ఇంట్లో వాళ్లకు తెలుసు. పువ్వు దేవుడికి, నోట్లోకి కాదు.

ఆ తెలివి ఇంట్లోంచి జారిపోయిన చోట ఏమవుతుందో 2024లో కేరళలో చూశాం. గన్నేరును అక్కడ అరళి అంటారు. ఆ పువ్వు నమిలిన తర్వాత ఒక యువతి చనిపోయిందన్న అనుమానం రావడంతో, ఆ ఏడాది మే నెలలో ట్రావన్‌కోర్, మలబార్ దేవస్వం బోర్డులు నైవేద్యంలో ఆ పువ్వు వాడకాన్ని ఆపేశాయి. గన్నేరులో ఉండే ఒలియాండ్రిన్ అనే పదార్థం గుండె కొట్టుకునే లయను దెబ్బతీస్తుంది. పచ్చగన్నేరు కూడా అదే కోవ. శ్రీలంకలో పచ్చగన్నేరు విషం కేసులు 1980ల నుంచి ఎంత పెరిగాయంటే, అక్కడి ఆసుపత్రుల్లో దీని విరుగుడు మీద ప్రత్యేకంగా పరీక్షలు జరిపి 2000లో ఫలితాలు ప్రకటించారు.

అయితే ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. గన్నేరు మింగితే ప్రమాదం. కొమ్మలు కాల్చి ఆ పొగ పీల్చినా ప్రమాదమే. కానీ గన్నేరు పక్కన నడిచినందుకు, దాని నీడలో నిలబడినందుకు ఎవరికీ విషం ఎక్కదు. నోటితో వచ్చే హాని వేరు, చర్మంతో వచ్చే హాని వేరు, గాలితో వచ్చే హాని వేరు. ఈ మూడింటినీ కలిపేసి "ఆ మొక్క విషం" అనేస్తే చర్చ అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు కథ రెండో భాగానికి వద్దాం. ఇప్పటిదాకా చెప్పిన వాటిలో కొన్ని మనవి, కొన్ని ఎప్పుడో వచ్చి మనవైపోయినవి. కంపెనీ కాలం నుంచి కంచె మొక్క పనిగట్టుకుని బయటి నుంచి దిగుమతి అయ్యే సరుకు అయింది.

నాగజెముడు సంగతి చూడండి. అది అమెరికా ఖండాల మొక్క. 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో ఉన్న జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టరు దాని మీద ఒక పురుగును పెంచాలని చూశాడు. ఆ పురుగు నుంచి ఎర్ర రంగు వస్తుంది. ఆ రంగు వ్యాపారం అప్పట్లో స్పెయిన్ వాళ్ల గుప్పిట్లో ఉండేది. ఈస్టిండియా కంపెనీకి అందులో వాటా కావాలి. 1795లో పురుగు వచ్చింది, కానీ వచ్చింది అసలు రకం కాదు. రంగు నాసిగా తేలింది, వ్యాపారం పోయింది. నాగజెముడు మాత్రం మిగిలింది. దానిలో మరో జాతి దక్షిణాది బీళ్లలో అల్లుకుపోయింది. చివరికి 1920లలో సిలోన్ నుంచి ఇంకో పురుగును తెప్పించి వదిలితే గానీ అది అదుపులోకి రాలేదు.

తర్వాతిది సర్కారు తుమ్మ. ఆ పేరులోనే చరిత్ర ఉంది, సర్కారు తెచ్చిన తుమ్మ. ఇది మన తెలుగు నేల మీదుగానే దేశంలోకి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల అధికారి లెఫ్టినెంట్ కర్నల్ బెడ్డోమ్ 1876లో రెవెన్యూ శాఖకు రాశాడు, ఎండిన నేలల్లో పెరిగే ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని. జమైకా నుంచి విత్తనాలు వచ్చాయి. కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఉద్దేశం మంచిదే, కరువు నేలకు వంటచెరకు. అది దొరికింది కూడా. ఇవాళ్టికీ ఎన్నో ఇళ్లలో పొయ్యి దాంతోనే వెలుగుతుంది, బొగ్గు బట్టీలు దాంతోనే నడుస్తాయి. కానీ చెరువు శిఖాలు, వాగు ఒడ్లు, బీళ్లు అన్నీ కంపతో నిండిపోయాయి. దాని పుప్పొడి అలర్జీ తెచ్చే వాటిలో ఒకటని డాక్టర్లకు బాగా తెలిసిన విషయమే.

లాంటానా కూడా ఇలాగే. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోటకు అందమైన పూల కంచెగా వచ్చింది. తోట దాటింది, అడవి పట్టింది. పశువులు దాని ఆకు తింటే కాలేయం దెబ్బతిని, ఎండ తగిలిన చోటల్లా చర్మం పుండ్లు పడుతుంది.

పటాన్‌చెరుకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి చెప్తాను. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ మొదలైంది. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ. వాళ్లు పొలం గట్ల మీద గ్లిరిసిడియా పెంచమని రైతులకు చాలా చెప్పారు. ఆకు కోసి మట్టిలో కలిపితే నత్రజని, గట్టు కోసుకుపోదు. ఆ మొక్క పేరుకు లాటిన్‌లో అర్థం ఏంటో తెలుసా? ఎలుకలను చంపేది అని. మధ్య అమెరికాలో దాని బెరడును, ఆకును ఎలుకల మందుగా వాడేవాళ్లు. మరి పేరులోనే విషం ఉన్న ఆ మొక్క గట్టు మీద ఉండి రైతుకు మేలే చేసింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ బయోడీజిల్ నివేదిక ఇచ్చాక, ఇందాక చెప్పుకున్న అడవి ఆముదం కూడా ఒక్కసారిగా "పచ్చ బంగారం" అయిపోయింది. ఆ మోజు కొన్నేళ్లకే చల్లారింది, గింజ సంగతి మాత్రం మారలేదు.

అంటే ఏ మొక్కనూ ఎవరూ చెడు చేయాలని తేలేదు. రంగు కోసం, పొయ్యి కోసం, అందం కోసం, డీజిల్ కోసం తెచ్చారు. తెచ్చినప్పుడు పొగిడారు, పాతికేళ్లకో యాభై ఏళ్లకో తిట్టారు. ఇప్పుడు ఆ వంతు కోనోకార్పస్‌ది.

కోనోకార్పస్ ఎక్కడిది? రెండు జాతులున్నాయి. ఒకటి అమెరికా ఉష్ణతీరాలది, ఇంకొకటి సోమాలియా, యెమెన్ వైపుది. కుటుంబం చూస్తే మన తెల్లమద్ది, కరక్కాయ చెట్లకు చుట్టమే. ఉప్పు నేలనూ ఎండనూ తట్టుకుంటుంది, ఎంత కత్తిరించినా గుబురుగా వస్తుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. అందుకే గల్ఫ్ దేశాలు రోడ్ల వెంట విపరీతంగా నాటాయి. కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయ్, కువైట్ వెళ్లొచ్చిన మనవాళ్లకు ఈ చెట్టు కొత్త కాదు. మన దగ్గర అది ఊరూరా కనబడటం మొదలైంది హరితహారంతో. 2015 జులై 3న చిలుకూరులో మొదలైన ఆ కార్యక్రమం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. అంత పెద్ద లెక్క చేరాలంటే తొందరగా పెరిగేది, చావనిది, మేకలు పాడు చేయనిది కావాలి. నర్సరీలకు కోనోకార్పస్ చేతికి అందిన వరం అయింది.

తర్వాత ఆరోపణలు మొదలయ్యాయి. 2022లో తెలంగాణ సర్కారు నర్సరీల్లో దీన్ని పెంచొద్దంది. 2023 సెప్టెంబరులో గుజరాత్ అటవీ శాఖ నాటొద్దని ఆదేశాలిచ్చింది. 2025లో తమిళనాడు అదే దారి పట్టింది. అదే ఏడాది మార్చిలో తెలంగాణ అసెంబ్లీలో కూడా దీని మీద మాటలు నడిచాయి. కాకినాడలో చెట్లు కొట్టడానికి సిద్ధమైతే, కొట్టొద్దని పర్యావరణవేత్తలు అడ్డుపడ్డారు.

ఆరోపణలు ఒక్కొక్కటిగా చూద్దాం. మొదటిది, "ఇది ఆక్సిజన్ ఇవ్వదు, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది." ఇది తప్పు. పచ్చటి ఆకున్న ప్రతి చెట్టూ పగలు చేసే పనే ఇదీ చేస్తుంది. రాత్రి ప్రతి చెట్టూ ఊపిరి పీల్చుకున్నట్టే ఇదీ పీల్చుకుంటుంది. రెండోది, వేర్లు పైపులను పట్టుకుంటాయని. గల్ఫ్‌లో ఈ ఫిర్యాదు నిజంగానే ఉంది. నీటి పైపు, డ్రైనేజీ పక్కన నాటకపోవడమే మంచిది. మూడోది పుప్పొడి. ఇది పట్టించుకోవాల్సిన మాట. కరాచీలో ఊరంతా ఈ చెట్టు నాటాక అక్కడి పరిశోధకులు గాలిలో దీని పుప్పొడిని గుర్తించి, అలర్జీకి కారణం కావచ్చన్నారు. ఇరాన్‌లోని ఖూజిస్తాన్‌లో 2013 చలికాలం ముందు తొలి వానల తర్వాత వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పోయారు. జనం వేలు ఈ చెట్టు వైపే చూపించింది. దుమ్ము, గాలి కాలుష్యం, వేరే మొక్కల పుప్పొడి కూడా అనుమానితుల జాబితాలో ఉన్నాయి.

పుప్పొడి అలర్జీ అందరికీ రాదు. ఆస్తమా, తుమ్ముల తత్వం ఉన్నవాళ్లకు, ఆ మొక్క పూసే కాలంలో, అది గుంపుగా ఉన్న చోట వస్తుంది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: పూస్తేనే పుప్పొడి. నడుము ఎత్తులో తరచుగా కత్తిరించే కంచెకు పూత తక్కువ. వదిలేస్తే చెట్టై పూస్తుంది. కంచె కింద మొలిచే వయ్యారిభామ, మనం కాంగ్రెస్ గడ్డి అంటాం కదా, దాని పుప్పొడితో దురద, దమ్ము చాలామందికి అనుభవమే. మనం పైనున్న కోనోకార్పస్‌ను తిడుతూ కిందున్న వయ్యారిభామను వదిలేస్తుంటాం.

ఇక కాజీపల్లి గోడ దగ్గరికి వద్దాం. 1970లలో పటాన్‌చెరులో పరిశ్రమలు వచ్చాయి. తర్వాత బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం. బాలానగర్ ఐడీపీఎల్‌లో మందుల తయారీ నేర్చుకున్న తరం సొంత కంపెనీలు పెట్టింది. ఉద్యోగాలు వచ్చాయి, దేశానికి చవగ్గా మందులు వచ్చాయి. ఇది కాదనలేం. దాంతోపాటు నక్కవాగు రంగు మారింది, చెరువుల్లో చేపలు పోయాయి, బోర్లు పనికిరాకుండా పోయాయి. 1990లో ఈ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు. 2017లో ట్రిబ్యునల్ తీర్పు వచ్చేసరికి కేసు వయసు 27 ఏళ్లు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక వాడలకు మార్కులు వేస్తే, పటాన్‌చెరు - బొల్లారం 70.07తో తీవ్ర కాలుష్య జాబితాలోకి ఎక్కింది.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఒక విషయం బయటపెట్టింది. దాదాపు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. శుద్ధి అయ్యాక సంగతి ఇది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. 2009లో అదే వరుస పరిశోధన చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందులను కనుక్కుంది. 2014లో కాజీపల్లి చెరువు మట్టిలో మందులకు లొంగని బ్యాక్టీరియా జన్యువులు ఎన్ని రకాలున్నాయో వివరంగా ప్రచురించారు. మన ఊరి చెరువు ప్రపంచ శాస్త్ర పత్రికలకు ఎక్కింది. ఎక్కాల్సిన కారణంతో కాదు.

ఇప్పుడు కంచె మొక్క ఇక్కడ ఎలా వస్తుందో చూడండి. ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు పెట్టే షరతుల్లో హరిత వలయం ఒకటి. మామూలుగా స్థలంలో 33 శాతం. ఎలాంటి మొక్కలు పెట్టాలో కేంద్ర మండలి 2000లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాలుష్యాన్ని తట్టుకునేవి చూసుకోమంది. తట్టుకునే వాటిలో గన్నేరు పేరున్నదే. షరతు మంచిదే, దుమ్మును ఆపుతుంది, నీడనిస్తుంది.

కానీ ఒక చిక్కుంది. దేన్నైనా తట్టుకునే మొక్కను గోడ పక్కన పెడితే, గోడ వెనక ఏం జరుగుతుందో ఆ మొక్క చెప్పదు. పాత కాలంలో మొక్కే సాక్షి. వరి ఎర్రబారితే నీళ్లు చెడ్డాయని, చింతచెట్టు ఎండితే నేల మారిందని రైతు కనిపెట్టేవాడు. పటాన్‌చెరు పొలాలు పాడయ్యాయని మొదట చెప్పింది ల్యాబులు కాదు, పైరు. 2001లో ఎన్జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఇక్కడి మట్టిలో భారలోహాల లెక్క ప్రచురించేనాటికి రైతులకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు. కోనోకార్పస్ వరుస మాత్రం ఉప్పు నీళ్లు పోసినా పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద పోయేవాడికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కంచె చేను మేసింది అంటారు మనవాళ్లు. ఇక్కడ కంచె చేను మేయలేదు. చేను ఏమైందో కనబడకుండా అడ్డం నిలబడింది, అంతే.

అందుకే "ఈ మొక్క నిషేధిస్తే సరి" అనే మాట నాకు సగమే నచ్చుతుంది. మొక్కను తిట్టడం సులభం, అది నోరు విప్పదు, కోర్టుకు పోదు. ఒక ఆదేశంతో నరికేయొచ్చు. చెరువులో కలిసేదాన్ని ఆపడానికి మాత్రం 27 ఏళ్లు చాలలేదు. కాజీపల్లిలో ఒక పిల్లవాడికి దమ్ము వస్తే, గోడ మీది ఆకునూ అడగండి, గోడ వెనక గొట్టాన్నీ అడగండి. రెండో ప్రశ్న మర్చిపోవడానికి మొదటి ప్రశ్న సాకు కాకూడదు.

అదే కాజీపల్లిలో ఇంకో పచ్చదనం కూడా ఉంది. 2020 సెప్టెంబరులో నటుడు ప్రభాస్ అక్కడి రిజర్వు అడవిలో 1,650 ఎకరాలను దత్తత తీసుకుని 2 కోట్ల రూపాయలు ఇచ్చారు. అడవి అంటే ఒకే మొక్క వరుస కాదు. రకరకాల చెట్లు, వాటి మీద పక్షులు, పురుగులు. ఒకటి చస్తే తెలుస్తుంది, ఒకటి మొలిస్తే తెలుస్తుంది. కంచెలో కూడా ఆ గుణం కొంత తేవచ్చు.

చివరిగా ఇంటికి పనికొచ్చే మాటలు. చిన్నపిల్లలున్న ఇల్లు, అంగన్‌వాడీ, బడి దగ్గర గన్నేరు, పచ్చగన్నేరు, అడవి ఆముదం, పసుపు కాయలు కాసే డురంటా కంచెలు వద్దు. ఉన్నవి కొట్టేటప్పుడు కొమ్మలు కాల్చొద్దు. జెముడు నరికేటప్పుడు కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి. పాలు కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి. ఎవరైనా గింజో ఆకో మింగితే, వాంతి చేయించే ప్రయత్నాలు, చిట్కాలు పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి, ఆ మొక్క కొమ్మ ఒకటి డాక్టరుకు చూపించండి. కోనోకార్పస్ ఉంటే పూతకు రాకముందే కత్తిరించండి. ఆస్తమా ఉన్నవాళ్ల కిటికీ పక్కన ఉంటే తీసేసి వేరేది పెట్టుకోండి. అన్నీ ఒకేరోజు నరికితే నీడ పోతుంది, దుమ్ము మిగులుతుంది. కొత్తవి ఎదుగుతుంటే పాతవి తీస్తూ పోవచ్చు.

వేరేది అంటే ఏది? గోరింట ఉంది, మందారం ఉంది. జీవాలు ముట్టని వావిలి, అడ్డసరం ఉన్నాయి. ముళ్లు కావాలంటే వాక్కాయ ఉంది, పచ్చడికి కాయలు కూడా. ఇవన్నీ మన తాతలు గట్ల మీద చూసినవే.

ఈసారి ఫ్యాక్టరీ గోడ పక్క నుంచి పోతుంటే కంచె ఎంత పచ్చగా ఉందో చూడండి. ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగి, దాని వెనక కాలువలో నీళ్ల రంగు కూడా చూడండి.